గూడూరు వాళ్ళ పాస్టరు చూపులు

తిరుపతి వెళ్ళొచ్చానని చెప్పగానే మా తెనాలి వీధిలో అందరూ ప్రసాదానికి చేతులు చాపారు. తేలేదంటే ఒక్కరూ నమ్మలేదు. కొండ కింద ఒక రాత్రి పడుకుని, కొండవైపు తిరిగి ఒక దణ్ణం పెట్టుకుని, పైకి వెళ్ళకుండా వచ్చేశానంటే మా ఆడపడుచు నా నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. నేను వెళ్ళింది పాస్టర్లను చూడడానికి. బొట్టూ కాటుకా పెట్టుకుని, శనివారాలు ఒంటిపూట తినే మనిషికి పాస్టర్లతో ఏం పని అని అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను.

దీనికంతటికీ కారణం విమల. బ్యాంకులో ఏళ్ళ తరబడి నా పక్క కౌంటరు. రిటైరయ్యాక సొంతూరు గూడూరు వెళ్ళిపోయింది. అక్కడ వాళ్ళది చిన్న చర్చి. పైన బిషప్పులూ అధికారులూ ఎవరూ లేరు. పాస్టరును సంఘమే వెతికి తెచ్చుకోవాలి. ఉన్న పెద్దాయన నిరుడు కన్నుమూశారు. అప్పటినుంచి సంఘం రెండు వర్గాలైంది. నిమ్మకాయల మండీ నడిపే ధనరాజు వర్గానికి గొంతున్న పాస్టరు కావాలి. విమల వర్గానికి మంచం పట్టినవాళ్ళ దగ్గరికి వచ్చి కూర్చునే పాస్టరు కావాలి. క్రిస్మస్ లోపల ఇద్దరికీ నచ్చిన మనిషి దొరక్కపోతే తన వాళ్ళతో వేరే ఆరాధన పెట్టుకుంటానని ధనరాజు గోడౌను ఖాళీ చేయించి చాపలు కూడా పరిపించాడట. "మా అమ్మానాన్నల పెళ్ళి ఆ చర్చిలోనే జరిగింది పద్మా. అది రెండు ముక్కలైతే నేను చూడలేను" అని విమల ఫోన్లో ఏడ్చింది.

నన్నెందుకు రమ్మన్నదంటే, నాకు ఏ వర్గమూ లేదు. పైగా మా ఇంటావంటా జరిగిన ప్రతి పెళ్ళిచూపులకీ నన్ను వెంటబెట్టుకుని వెళ్తారు. పిల్లాడు కాఫీ కప్పు పట్టుకునే తీరు చూసి చెప్పేస్తానని పేరు. వీళ్ళు పాస్టరును వెతికే పద్ధతీ దాదాపు అదే. చెప్పాపెట్టకుండా వెళ్ళి, వెనక వరసలో కూర్చుని, వాక్యం, అంటే పాస్టరు చెప్పే ప్రసంగం విని, నచ్చితే మాట కలుపుతారు. నచ్చకపోతే ఇటుగా వెళ్తూ వచ్చామని చెప్పి లేచిపోతారు.

గూడూరు

కారు ధనరాజుది, నడిపేదీ ఆయనే. తలుపు తీయగానే నిమ్మకాయల వాసన. సీటు కింద, వెనక అరలో, ఎక్కడ చెయ్యి పెట్టినా ఒక కాయ తగులుతుంది. మనిషి ఎత్తుకు తగ్గ లావు, లావుకు తగ్గ గొంతు, తలకు తలపాగా.

"మీరు కూడా వస్తా ఉండారా మ్మా? మంచిదే. మాకు కండ్లు మూసుకపోయి ఉండాయి. బయటోళ్ళకైతే బాగా కనపడతాది" అన్నాడు.

నాకు ఆయన అప్పుడే నచ్చాడు. విమల మాత్రం ముందు సీటులో కూర్చోమంటే కూర్చోకుండా వెనక నా పక్కనే కూర్చుంది. దారంతా ఇద్దరూ నా ద్వారానే మాట్లాడుకున్నారు. "ఆయన్ని ఏసీ తగ్గించమను" అంటుంది విమల. "ఆయమ్మకి సలా అని అడగండి" అంటాడాయన.

ఏర్పేడు

పెద్ద విద్యాసంస్థ రావడంతో రోడ్డు పక్కన జ్యూసు కొట్లూ జిరాక్సు కొట్లూ కనిపించాయి. దాన్ని దాటి లోపలికి వెళ్తే రేకుల షెడ్డులో శనివారం ఉపవాస కూటం. హాస్టల్లో వంట చేసేవాళ్ళు, గేటు దగ్గర కాపలా వాళ్ళు, కూలిపనులవాళ్ళు వచ్చారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపలమీద. అందరూ తలమీద కొంగు కప్పుకున్నాక నేనొక్కదాన్నే ఖాళీ తలతో మిగిలాను. పక్కనున్నావిడ అడక్కుండానే నా కొంగు లాగి నా తలమీద కప్పింది.

పాస్టరు పేరు జీవరత్నం. నలభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, కళ్ళజోడు. పాఠం బాగా తయారుచేసుకొచ్చిన లెక్చరరులా ఎక్కడా తడబడకుండా చెప్పాడు. గొంతు షెడ్డు చివరిదాకా వచ్చింది, అక్కడితో ఆగింది. ప్రార్థన మొదలుపెట్టే ముందు మాత్రం ఎంతసేపు ఆగాడంటే, మనిషి వెళ్ళిపోయాడేమోనని నేను కళ్ళు తెరిచి చూశాను.

మేము చాటుగా వచ్చామన్న సంగతి ఎంతోసేపు దాగలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలట, అంటే దేవుడు తమకు చేసిన మేలు. ధనరాజు, విమల చెప్పేశాక అందరూ నావైపు తిరిగారు. నాకు చెమటలు పట్టాయి. "తెనాలి నుంచి వచ్చానండీ. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. ఆరోగ్యం బాగానే ఉంది, మోకాళ్ళు తప్ప" అన్నాను. అంతే, అందరూ కలిసి నా మోకాళ్ళ కోసం ప్రార్థన చేశారు. ఎవరో ఒకావిడ ఏడ్చేసింది కూడా. నా మోకాళ్ళ కోసం మా ఇంట్లోనే ఎవరూ అంత బాధపడలేదు.

తర్వాత భోజనం. మేము పులిహోర అనేదాన్ని ఇక్కడ చిత్రాన్నం అంటారు. మా వైపు చింతపండు, వీళ్ళది నిమ్మకాయ, పైన దండిగా వేరుశనగపప్పు. తింటుండగా ఒక పెద్దమనిషి ధనరాజు పక్కకు జరిగాడు.

"గూడూరులో పాస్టరు లేడంట గదప్పా?"

"లేడబ్బా."

ఆ మాటకోసమే కాచుకున్నట్టు నలుగురూ చుట్టూ చేరారు. "మా అయ్యగారి మాదిరి మనిషి ఈ చుట్టుపక్కల లేడు." "కోపమనేదే తెలీదు." "వాక్యంలో దిట్ట. ఈడ మా మాదిరోళ్ళకి ఎట్ల అర్థమవుతాది? మీ మాదిరి పెద్ద సంఘంలో ఉండాల్సినోడు." చిత్రాన్నం డబ్బాలో కట్టి కారులో పెట్టి మరీ పంపించారు.

ధనరాజు ముఖం వెలిగిపోయింది. నాకే ఏదో నలుసులా అడ్డుపడింది. పెళ్ళిచూపుల్లో అడక్కముందే పిల్లాడి మేనమామ "మావాడు మందు వాసన కూడా చూడడండీ" అంటే నేను కాఫీ కింద పెట్టేస్తాను. పైగా, అంత పొగిడినవాళ్ళలో ఒక్కరూ ఆ పాస్టరు పక్కన కూర్చోలేదు. ఆయన తన పళ్ళెం తానే వడ్డించుకుని, గోడవారగా కూర్చుని తిని, తానే కడుక్కున్నాడు.

తిరుపతి

లాడ్జి గుమస్తా మా ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. "దర్శనానికి టికెట్లు ఉండాయా?"

"లేవు."

"నడిచి పోతారా?"

"పైకి పోము" అన్నాడు ధనరాజు.

"మరి దేనికొచ్చినారు సార్?"

"పాస్టరు కోసం."

గుమస్తా ఇంకేమీ అడగలేదు. తాళాలిచ్చేసి టీవీ చూసుకున్నాడు. సాయంత్రం బజారంతా గుండ్లూ, వాటిమీద చందనమూ. కాఫీ ఇరవై రూపాయలు, చిక్కగా ఉంది. విమల కొత్తగా గుండు కొట్టించుకున్న ఒక చంటిదాన్ని ఎత్తుకుని చాలాసేపు ఆడించింది. ఈ ఊళ్ళో దేవుడిచ్చాడని చెప్పుకోని మనిషి లేడు, మాకు ఒక పాస్టరును ఎవరిస్తారో అంటూ నవ్వింది, కానీ ఆ నవ్వు ముఖంలో ఎక్కువసేపు లేదు.

పలమనేరు

చిత్తూరు దాటి ఘాటెక్కేసరికి చలి మొదలైంది. మా తెనాలిలో నవంబరంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించడం. ఇక్కడ ఆదివారం పొద్దున చెవులకు మఫ్లర్లు కట్టుకుని పాలక్యాన్లు మోస్తున్నారు. రోడ్డు పొడుగునా టమాటా పెట్టెలు, ఆవులు.

ఊరికి కాస్త దూరంలో చర్చి. పాస్టరు ప్రభుదాసు నిలువెత్తు మనిషి. గొంతు తలుపులోంచి రోడ్డుమీదకి వచ్చేస్తోంది. వాక్యం మధ్యలో ఆగి, ముందు వరసలో అవ్వను చూసి, "మాత్రేసుకున్న్యావా అవ్వా?" అన్నాడు. అవ్వ ఊఁ అన్నది. ఆపిన చోటే మళ్ళీ అందుకున్నాడు. అందరూ నవ్వారు, ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. ధనరాజు మగవాళ్ళ వైపు నుంచి మెడ తిప్పి విమలను చూశాడు. విమల తల ఊపింది. రెండు రోజుల్లో వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి, అదీ మాట లేకుండా.

ఆ సంతోషంలో ధనరాజు బయటికి రాగానే ఉన్నమాట చెప్పేశాడు. "గూడూరు నుంచి వచ్చినాం. మాకు పాస్టరు కావల్ల."

వందనాలు వందనాలు అంటూ చేతులు కలుపుతున్నవాళ్ళ ముఖాలు మారిపోయాయి. పాలక్యాను పట్టుకున్న ఒకావిడ మొదలుపెట్టింది.

"మా అయ్యగారి కోసమా? అయ్యో, ఆ మనిషితో మీరు యాడ పడతారు మ్మా. ఉత్త కోపిష్టి."

"పాట ఎత్తుకుంటే కుక్కలు లేస్తాయి" అన్నాడు ఇంకొకాయన.

"సెప్పిందే సెప్తాడు."

"తిండికి ఆగలేడు. ఎవరింట్లో సంగటి ఉడుకుతా ఉంటే ఆడికి పోతాడు."

మాత్ర వేసుకున్న అవ్వ అందర్నీ తోసుకుని వచ్చింది. "వానికి బుద్ధే లేదు సామీ! పోయిన వానల్లో మా ఆవు ఈనలేక పడిపోతే, తడుస్తా దాని తల వొళ్ళో పెట్టుకోని కూసున్యాడు. అది పాస్టరు చేసే పనేనా? మీకట్లాంటోడు వద్దు. మీరు సదువుకున్నోళ్ళు" అంది. అంటూనే కళ్ళు తుడుచుకుంది.

పక్క గదిలో సాంబారు వాసన గుప్పుమంటోంది. మమ్మల్ని భోజనానికి ఎవరూ పిలవలేదు. "మీకు బస్సు టైమవుతాది" అన్నారు, మా కారు ఎదురుగా కనిపిస్తున్నా.

రోడ్డు పక్క హోటల్లో చల్లారిపోయిన పూరీలు తింటూ ధనరాజు నిట్టూర్చాడు. "గొంతు బాగుండాది. ఏం లాభం? అంత కోపిష్టోడిని తీసకపోతే మన వాళ్ళు నిలుస్తారా?"

నాకు నవ్వాగలేదు. "ధనరాజు గారూ, మీ మండీలో మంచి సరుకును రైతు ఎదురుగా పొగుడుతారా?"

"పొగిడితే రేటు పెంచడా? సచ్చు కాయ అంటాము" అని, పూరీ ముక్క చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు.

"వీళ్ళు ఆయన్ని వదులుకోలేరు, అందుకే తిట్టారు. మరి నిన్న ఏర్పేడులో ఎందుకంత పొగిడారో చూసుకోండి."

విమల పళ్ళెం పక్కకు నెట్టింది. "ప్రభుదాసు గారిని అడగొద్దు."

"అడిగితే వస్తాడేమో మ్మా. మనిద్దరికీ నచ్చినోడు ఈయనొక్కడే."

"వస్తాడేమో, అందుకే అడగొద్దంటున్నా. ఆ అవ్వ నోటికాడి కూడు లాక్కొచ్చి మన చర్చి నిలబెట్టుకుంటామా?"

ధనరాజు చెయ్యి కడుక్కుని వచ్చి కారు తాళం బల్లమీద విసిరేశాడు. "అయితే ఇంగ ఎవురుండారు? గోడౌనే గతి. అనుకున్నదే అయితాది." ఘాటు దిగేదాకా విమల ఏసీ గురించి కూడా నాతో ఏమీ చెప్పించలేదు.

చిత్తూరు

ఆ రాత్రికి విమల మేనమామ సామ్యేలు గారింట్లో దిగాం. రిటైరైన పాస్టరు. బక్కచిక్కిన పెద్దాయన, కళ్ళలో మాత్రం అల్లరి తగ్గలేదు. వాళ్ళ కోడలు రాగి సంగటి ముద్దలు, శనక్కాయల చట్నీ పెట్టింది. సంగటి నమలకూడదని నాకు తెలియదు. నేను నములుతుంటే ఆ ఇంటిల్లిపాదీ జాలిగా చూశారు. చివరికి పెద్దాయనే మింగి చూపించాడు.

మా సంగతంతా విని పడీపడీ నవ్వాడు. "నన్ను పొగడని ఊరు లేదు పాపా! ఒకొక్క ఊరోళ్ళు ఇంకో ఊరోళ్ళకి పొగిడి పొగిడి అప్పజెప్పినారు. మీ అత్త సామాన్లు ఇప్పకుండానే ఉంచేది."

"ఎందుకు మామా? మీరు మంచివారే కదా" అంది విమల.

"మంచోణ్ణే. నాకు పోట్లాట ఇష్టం, అదే జబ్బు." నావైపు తిరిగాడు. "ఆదివారం మేము ఎట్లుండల్లో జనమే సెప్తారు మ్మా. గట్టిగా ఉండమంటే గట్టిగా, మెత్తగా ఉండమంటే మెత్తగా. అట్లుండీ ఉండీ సొంత గుణం యాడ పెట్టినామో మరిసిపోతాము. పాస్టరును సూడాలంటే సోమవారం సూడండి. ఆ పొద్దు మాకు పనుండదు, ఎవురూ రారు. నేనైతే సోమవారమంతా రేడియోతో పోట్లాడేవాణ్ణి."

విమల నా చెయ్యి పట్టుకుంది. "రేపు సోమవారమే కదా."

"ఏర్పేడాయన దగ్గిరికా?" అన్నాడు ధనరాజు. "వాళ్ళు వద్దనుకున్నోడు మనకెందుకు మ్మా?"

"దారిలోనే కదా అప్పా" అన్నాడు పెద్దాయన. "సూస్తే అరిగిపోతాడా?"

మళ్ళీ ఏర్పేడు

మేము వెళ్ళేసరికి జీవరత్నం లుంగీ, చిరిగిన బనీనుతో స్టవ్వు ముందు ఉన్నాడు. భార్య తిరుపతిలో ఆసుపత్రి నర్సు, డ్యూటీకి వెళ్ళింది. సోమవారం వంట ఆయనదే. మమ్మల్ని చూసి గాభరాపడి, గరిటతోనే వందనాలు చెప్పి, చొక్కా కోసం లోపలికి పరుగెత్తాడు.

విమల ఇటుగా వెళ్తూ వచ్చామని మొదలుపెట్టింది. ధనరాజుకు అలాంటివి చేతకావు. "పాస్టరు కోసం తిరగతా ఉండాము అయ్యగారూ. మొన్న మీ వాళ్ళు మీ గురించి శానా గొప్పగా సెప్పినారు" అనేశాడు.

"ఏమని చెప్పినారు?"

ధనరాజు అన్నీ వరసగా చెప్పాడు. కోపం లేదన్నారనీ, వాక్యంలో దిట్ట అన్నారనీ, పెద్ద సంఘంలో ఉండాల్సిన మనిషన్నారనీ. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, చాలాసేపు తుడిచాడు.

"నా ముందర ఒక్కరోజూ ఈ మాట అనలేదు. మీ దగ్గిర అన్నారంటే, పంపించాలనే అనుకున్నారు" అన్నాడు. గొంతులో కోపం లేదు. నాకు అక్కడినుంచి లేచి వెళ్ళిపోవాలనిపించింది.

"తప్పు వాళ్ళది కాదు. నాకు పేర్లు గుర్తుండవు. ముఖం తెలుస్తుంది, ఇల్లు తెలుస్తుంది, పేరు పోతుంది. ప్రార్థనకు ముందు ఆగేది అందుకే, పేరు వెతుక్కుంటా ఉంటాను." కొంచెం సంకోచించి, చెప్పాలా వద్దా అనుకుంటూ చెప్పాడు. "ఆమధ్య పాపయ్య గారని పెద్దాయన పోయినాడు. జ్ఞాపకార్థ కూటంలో ఆయన పేరెత్తి ప్రార్థన చెయ్యాల. నేను ఏసుపాదం గారి పేరెత్తినాను. నీ దాసుడైన ఏసుపాదమును నీ సన్నిధికి పిలుచుకొన్నందుకు స్తోత్రమని అన్యాను. ఆ ఏసుపాదం గారు ముందర కుర్చీలోనే కూర్చోనుండాడు."

"అయ్యో! ఏమన్నాడు?" అన్నాను.

"ఆమెన్ అన్నాడు. అలవాటు గదా."

ధనరాజు నోటినుంచి మొదట ఒక ఈల లాంటిది వచ్చింది. తర్వాత ఆ పెద్ద శరీరమంతా ఊగింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేక, ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు వంగేలా నవ్వాడు. విమల కొంగు నోట్లో కుక్కుకుంది. జీవరత్నం మా ముఖాలు చూసి బిత్తరపోయి, తర్వాత తనూ నవ్వాడు. ఆ సంగతికి ఆయన నవ్వడం అదే మొదలేమో, నవ్వు సరిగ్గా రాలేదు.

"ఆ వారమే ఏసుపాదం గారికి జొరమొచ్చింది" అన్నాడు నవ్వు తగ్గాక. "తగ్గిపోయింది. కానీ ఆ పొద్దు నుంచి నన్ను పేరెత్తొద్దంటారు. బిడ్డ పుట్టినా, పరీక్ష పాసైనా, ఊరికే ప్రార్థన చెయ్యండి అయ్యగారూ, పేరు మాత్రం ఎత్తొద్దు అంటారు. పాస్టరు పేరెత్తి ప్రార్థన చెయ్యకపోతే ఇంకెందుకు?"

స్టవ్వుమీద కూర అడుగంటుతున్న వాసన వచ్చింది గానీ ఆయన లేవలేదు.

ధనరాజు కుర్చీ ముందుకు జరుపుకుని, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయ్యగారూ, నాకు మూన్నాళ్ళుగా నడుము పట్టేసి ఉండాది. ప్రార్థన సెయ్యండి."

"అట్లనే."

"పేరెత్తి సెయ్యండి."

ఆయన ధనరాజును చూశాడు. పెదవులు కదిలాయి, పేరు రాలేదు. మొన్న సాక్ష్యం చెప్పినప్పుడు విన్నదే. ముఖం ఎర్రబడింది. "మన్నించండి, మీ పేరు..."

చర్చిలో చందాలిచ్చినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు పేరుకు ముందు శ్రీ అనకపోతే ముఖం మాడ్చుకునే మనిషట ధనరాజు. తర్వాత విమల చెప్పింది. ఆ మనిషి నెమ్మదిగా, చిన్న గొంతుతో, "ధనరాజు, అయ్యగారూ. నా పేరు ధనరాజు" అన్నాడు.

జీవరత్నం ఆయన తలమీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు ఆగాడు. నేను కళ్ళు మూసుకోలేదు, మూసుకోలేకపోయాను. "తండ్రీ, నీ దాసుడైన ధనరాజును..." అన్నాడు, అనగానే ఏడ్చేశాడు. మిగతా ప్రార్థన ఏం చేశాడో మాకెవరికీ సరిగ్గా వినపడలేదు. ధనరాజు మాత్రం కిటికీ రెక్కలు అదిరేలా ఆమెన్ అన్నాడు.

మాడిన వంకాయ కూరతోనే భోజనం పెట్టాడు. ఉప్పు వెయ్యడం మరిచిపోయాడు. సంఘంలో మాట్లాడి కబురు చేస్తామని చెప్పి బయలుదేరాం.

గూడూరు దారిలో

ఈసారి విమల ముందు సీటులో కూర్చుంది. శ్రీకాళహస్తి దాటగానే ధనరాజు మొదలుపెట్టాడు.

"ఏం మనిషి మ్మా ఆయన? ఆ వంకాయ కూర మనుషులు తినేదేనా?"

"ఊఁ" అంది విమల.

"గొంతు సూడు, ఈగ మూలిగినట్టు. మన చర్చిలో ఫ్యాను తిరిగితే వినపడదు. మైకు కొనల్ల."

"ఊఁ."

"పేర్లా గుర్తుండవు. ఎవురో ఒకరు పక్కన నిలబడి సెవిలో సెప్తా ఉండల్ల. ఆ పని ఇంగ నాకే పడతాది. మండీ సూసుకోవాల్నా, ఈయనకి పేర్లు అందించాల్నా?"

విమల వెనక్కి తిరిగి నావైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను, ముఖం చూపిస్తే నవ్వేస్తానని.

నాయుడుపేట దాటినా తిట్లు ఆగలేదు. బనీను చిరిగి ఉందన్నాడు. ప్రార్థన మధ్యలో ఏడిస్తే జనం ఏమనుకుంటారన్నాడు. బతికున్నవాళ్ళను చంపేసే పాస్టరును తెచ్చామని తన వర్గంవాళ్ళు తన్నడానికి వస్తారన్నాడు. "ఇట్లాంటోణ్ణి కట్టుకోని మనం ఎన్నాళ్ళు ఏగల్ల మ్మా?" అన్నాడు.

"నిజమే" అంది విమల గొంతు సవరించుకుని. "ఎప్పుడు రమ్మందాం?"

"ఇంగెప్పుడు? ఈ ఆదివారమే" అన్నాడు ధనరాజు. "లేకుంటే ఇంకెవురన్నా ఎత్తుకపోతారు."